ఏడో క్రోమోజోమ్‌లో ముక్క పోతే కాలేయంలోని జన్యువులు ఎందుకు మూగబోయాయి?

అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్ల కొన్ని గంటల్లోనే చనిపోతోంది. రక్తంలో చక్కెర పడిపోయింది. కాలేయాన్ని పరీక్షిస్తే చక్కెర తయారీకి కావలసిన ఎంజైములు చాలా తక్కువగా ఉన్నాయి. ఆ ఎంజైములను తయారుచేసే జన్యువులు మాత్రం 2వ, 8వ, 11వ క్రోమోజోముల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ పిల్లలో నిజంగా లేనిది 7వ క్రోమోజోమ్ మీద ఒక ముక్క.

ఒకచోట ముక్క పోతే వేరే చోట ఉన్న జన్యువులు ఎందుకు పనిచేయడం మానేశాయి? 1968లో మొదలైన ఈ ప్రశ్నకు గట్టి జవాబు 1993లో దొరికింది. ఆ రెండు సంవత్సరాల మధ్య కాలంలో చాలామంది శాస్త్రవేత్తలు ఎంతో సమంజసమైన ఒక ఊహను నమ్మారు, చివరికి అది తప్పని తేలింది. జన్యు సవరణ మీద వచ్చే వార్తల్లో "ఈ జన్యువును తీసేస్తే ఆ జన్యువు ఆగిపోయింది, కాబట్టి ఇది దాన్ని నియంత్రిస్తుంది" అన్న వాక్యం కనబడినప్పుడల్లా నాకు ఈ చిట్టెలుకలే గుర్తొస్తాయి. ఆ వాక్యంలో "కాబట్టి" అన్న మాట దగ్గర ఎంత పని మిగిలి ఉంటుందో ఇవి చూపించినంత స్పష్టంగా మరేవీ చూపించలేదని నా అభిప్రాయం.

డిలీషన్ అంటే ఏమిటి, అది జన్యువులను ఎన్ని దారుల్లో తాకుతుంది

క్రోమోజోమ్ అంటే పొడవాటి డీఎన్‌ఏ పోగు. చిట్టెలుక కణంలో ఇవి 20 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. ఆ పోగు రెండుచోట్ల తెగి, మధ్య భాగం జారిపోయి, మిగిలిన కొసలు అతుక్కుంటే దాన్ని డిలీషన్ అంటారు. ఒక్క డీఎన్‌ఏ అక్షరం పోయినా డిలీషనే, లక్షల అక్షరాలు పోయినా డిలీషనే. పెద్ద ముక్క పోతే అందులోని జన్యువులన్నీ ఒకేసారి పోతాయి.

జతలో ఒక క్రోమోజోమ్‌కే ఈ నష్టం జరిగితే రెండోదానిలో ఉన్న కాపీ పని నడిపిస్తుంది. చాలా జన్యువులకు ఒక్క కాపీ చాలు. రెండింటిలోనూ అదే ముక్క పోతేనే ఆ జన్యువు శరీరంలో ఎక్కడా ఉండదు, అసలు కష్టం అప్పుడు బయటపడుతుంది.

ఇక జన్యు నియంత్రణ. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉండే జన్యువులు దాదాపు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలన్నదే తేడా. జన్యువు పనిచేయడమంటే దాని నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవడం. జన్యువుకు దగ్గర్లో ఉండే కొన్ని డీఎన్‌ఏ భాగాలు స్విచ్‌ల్లా ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు వచ్చి వాటికి అతుక్కుంటే స్విచ్ పడుతుంది.

దీన్ని బట్టి డిలీషన్ ప్రభావం మూడు రకాలుగా ఉండొచ్చు. జన్యువే పోవచ్చు. జన్యువు ఉండి దాని పక్కనున్న స్విచ్ పోవచ్చు, అప్పుడు దెబ్బ అదే క్రోమోజోమ్ మీద, ఆ చుట్టుపక్కలే తగులుతుంది. లేదా ముక్కలో ఉన్న జన్యువు తయారుచేసే పదార్థం లేకపోవడం వల్ల దూరంగా, వేరే క్రోమోజోముల మీద ఉన్న జన్యువులు దెబ్బతినవచ్చు.

చిక్కంతా ఈ మూడో రకంలోనే ఉంది, ఎందుకంటే అందులో మళ్లీ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి కనిపిస్తాయి. పోయిన జన్యువు నిజంగానే దూరపు జన్యువులకు ఆజ్ఞలిచ్చేది కావచ్చు. లేదా దానికి నియంత్రణతో ఏ సంబంధమూ లేకుండా, అది లేకపోవడం వల్ల కణం ఆరోగ్యం పాడై, ఆ పాడవడం వల్ల దూరపు జన్యువులు ఆగిపోయి ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

రేడియేషన్ ప్రమాదాన్ని కొలవబోతే దొరికిన ఎలుకలు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియేషన్ వల్ల తర్వాతి తరాలకు ఎంత హాని జరుగుతుందో తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో విలియం రసెల్ 1940ల చివర్లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. రేడియేషన్ తగిలిన మామూలు మగ చిట్టెలుకలను, ఏడు ప్రత్యేక జన్యు స్థానాల్లో బలహీన రూపాలున్న (పక్కన మంచి కాపీ ఉంటే బయటపడని రూపాలు) ఆడ చిట్టెలుకలతో జతకట్టించేవారు. ఆ ఏడింటిలో దేనికైనా తండ్రి ఇచ్చిన కాపీ దెబ్బతిని ఉంటే పిల్ల బొచ్చు రంగులోనో చెవి ఆకారంలోనో వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో కూడా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి.

ఆ ఏడింటిలో ఒకటి 7వ క్రోమోజోమ్ మీద ఉన్న అల్బినో స్థానం. అక్కడ టైరోసినేజ్ అనే ఎంజైమ్ జన్యువు ఉంటుంది. ఒంటికి, కంటికి రంగునిచ్చే మెలనిన్ తయారీ దానితోనే మొదలవుతుంది. అది లేకపోతే బొచ్చు తెల్లగా, కళ్లు ఎర్రగా ఉంటాయి. మామూలు అల్బినో చిట్టెలుకలు హాయిగా బతుకుతాయి. రేడియేషన్ వల్ల వచ్చిన కొన్ని అల్బినో రకాలు మాత్రం రెండు కాపీలూ ఆ రకానివే అయితే బతకలేదు. వాటిలో టైరోసినేజ్‌తో పాటు దాని ఇరుగుపొరుగు జన్యువులు కూడా ఎగిరిపోయాయని తర్వాత అర్థమైంది. తెల్లరంగు ఇక్కడ గుర్తు మాత్రమే, చావుకు కారణం అది కాదు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక కాపీ డిలీషన్, రెండో కాపీ మంచిది ఉన్న రెండు చిట్టెలుకలను జతకట్టిస్తే, ఎనిమిది పిల్లల్లో సగటున రెండింటికి రెండు కాపీలూ మంచివి, నాలుగింటికి ఒకటి మంచిది ఒకటి డిలీషన్, మిగిలిన రెండింటికి రెండూ డిలీషనే. ఈ చివరి రెండింటిని పుట్టగానే పోల్చుకోవచ్చు. మిగతా పిల్లల కళ్లు నల్లగా కనిపిస్తే వీటి కళ్లలో రంగు ఉండదు. కొన్ని గంటలే బతికే పిల్లలను ముందే వేరుచేసి పరీక్షించగలగడం పరిశోధకులకు కలిసొచ్చింది.

పుట్టిన మొదటి గంటల్లో కాలేయం చేయాల్సిన పని

కడుపులో ఉన్నంతకాలం పిల్లకు చక్కెర మాయ ద్వారా తల్లి నుంచి అందుతుంది. పుట్టిన క్షణాన ఆ సరఫరా తెగిపోతుంది. అప్పటి నుంచి కాలేయం నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను విడగొట్టి, అమైనో ఆమ్లాల వంటి వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదలాలి. గ్లూకగాన్, గ్లూకోకార్టికాయిడ్ హార్మోన్లు పంపే సంకేతాలతో కాలేయ కణాల్లో కొన్ని జన్యువులు ఒక్కసారిగా జోరందుకుంటాయి. వాటిలో మూడింటి పేర్లు గుర్తుంచుకుంటే చాలు. గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలే చివరి మెట్టు. పెప్‌సీకే కొత్త గ్లూకోజ్ తయారీలో కీలక మెట్టు. టైరోసిన్ అమినోట్రాన్స్‌ఫరేజ్, అంటే టాట్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టే గొలుసులో మొదటి ఎంజైమ్.

డిలీషన్ పిల్లల్లో ఈ మూడూ పడిపోయాయి.

"మాస్టర్ జన్యువు" అన్న ఊహ ఎలా బలపడింది

ఈ ఎలుకలను దశాబ్దాలపాటు వెంటపడి చదివిన మనిషి సలోమీ గ్లూక్సన్-వేల్ష్. 1907లో పుట్టి, జర్మనీలో పిండశాస్త్రం నేర్చుకుని, నాజీలు అధికారంలోకి వచ్చాక దేశం వదిలి అమెరికా చేరింది. పిండం ఎదుగుదలను జన్యువుల వైపు నుంచి అర్థం చేసుకోవాలన్న పట్టుదల ఆమెది. 1968లో ఆమె, రాబర్ట్ ఎరిక్సన్, కార్ల్ కోరి కలిసి ఈ పిల్లల్లో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ లోపాన్ని చూపించారు. కార్ల్ కోరి పేరు ఇక్కడ కనిపించడం యాదృచ్ఛికం కాదు. మనుషుల్లో ఇదే ఎంజైమ్ లేకపోవడం వల్ల ఒక గ్లైకోజెన్ వ్యాధి వస్తుందని 1952లో ఆయన, ఆయన భార్య గెర్టీ కోరి తేల్చారు.

మొదట్లో అందరికీ తట్టే వివరణ ఒకటే: ముక్కతో పాటు ఆ ఎంజైమ్ జన్యువే పోయి ఉంటుంది. కానీ తర్వాతి సంవత్సరాల్లో టాట్, సెరిన్ డీహైడ్రటేజ్ అనే మరో కాలేయ ఎంజైమ్, పెప్‌సీకే కూడా తక్కువగా ఉన్నాయని తేలింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే కాలేయ కణంలోని పొరలు కూడా అస్తవ్యస్తంగా ఉన్నాయి. ఇన్ని ఎంజైమ్ జన్యువులూ ఒకే ముక్కలో ఉండటం నమ్మశక్యం కాదు. చివరికి అవి వేరే క్రోమోజోముల మీదే ఉన్నాయని రుజువైంది.

కణాలను కలిపి చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. డిలీషన్ ఉన్న చిట్టెలుక కాలేయ కణాన్ని, ర్యాట్ జాతి పెద్ద ఎలుక కాలేయపు క్యాన్సర్ కణంతో కలిపి ఒకే కణంగా చేశారు. ఆ మిశ్రమ కణంలో చిట్టెలుక టాట్ ఎంజైమ్ తిరిగి తయారైంది. అంటే చిట్టెలుక టాట్ జన్యువు బాగానే ఉంది, దానికి కావలసినదేదో పెద్ద ఎలుక కణం అందించింది.

ఇన్ని ఆధారాలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఆ ముక్కలో కాలేయ జన్యువులన్నిటినీ ఒకేసారి లేపే ఒక నియంత్రక జన్యువు ఉందనే. దానికి హెచ్‌ఎస్‌డీఆర్-1 అని పేరు కూడా పెట్టారు. కాలేయ కణాల ఎదుగుదలను నియంత్రించే మొదటి స్థానం అని ఆ పేరు అర్థం. జన్యువు దొరకకముందే పేరులో "నియంత్రణ" చేరిపోయింది. పేరు ఒకసారి అలా స్థిరపడితే దాని చాటున ఇంకో అవకాశం ఉందని గుర్తుకు రావడం కష్టమవుతుంది.

ఇదే సమయంలో డేనియల్ నెబర్ట్ బృందం వేరే దారిలో అవే ఎలుకల దగ్గరికి వచ్చింది. ఆ బృందం చూసిన కొన్ని జన్యువులు ఈ పిల్లల కాలేయంలో తగ్గలేదు సరికదా, బాగా పెరిగాయి. కణంలోకి చేరే హానికర రసాయనాలను నిర్వీర్యం చేసే ఎంజైముల జన్యువులు అవి. వాటిలో ముఖ్యమైనది ఎన్‌క్యూవో1. ఈ పెరుగుదలను బట్టి ఆ ముక్కలో వాటిని అణచి ఉంచే జన్యువు ఒకటి ఉండాలన్న ఊహ పుట్టింది. ఒకే ముక్కలో ఒకరికి లేపే జన్యువు, మరొకరికి అణిచే జన్యువు కనిపించాయి. రెండు ఊహలూ వాటి వాటి ఆధారాలకు సరిపోయాయి.

ముక్కలను పక్కపక్కన పెట్టి జన్యువును వెతకడం

అసలు జన్యువును పట్టుకోవడానికి వేర్వేరు పొడవుల డిలీషన్లే పనికొచ్చాయి. ఆ పద్ధతిని చిన్న ఉదాహరణతో చూద్దాం. ఇవి ఊహించిన అంకెలు, పద్ధతి మాత్రం నిజం.

క్రోమోజోమ్ మీద ఒకటి నుంచి ఎనిమిది వరకు ఎనిమిది గళ్లు ఉన్నాయనుకుందాం. మొదటి డిలీషన్‌లో 1 నుంచి 4 గళ్లు పోయాయి. రెండోదానిలో 3 నుంచి 6 పోయాయి. మూడోదానిలో 5 నుంచి 8 పోయాయి. తల్లి నుంచి మొదటిది, తండ్రి నుంచి రెండోది వచ్చిన పిల్లలో 3, 4 గళ్లు మాత్రమే పూర్తిగా ఉండవు, మిగతావి కనీసం ఒక కాపీ ఉంటాయి. ఆ పిల్ల పుట్టగానే చనిపోయిందనుకోండి. అవసరమైన జన్యువు 3 లేదా 4 గడిలో ఉంది. మొదటిది, మూడోది కలిస్తే ఏ గడీ పూర్తిగా పోదు, కాబట్టి పిల్ల బతకాలి. రెండోది, మూడోది కలిసిన పిల్లలో 5, 6 ఉండవు. అది బతికితే ఆ రెండు గళ్లను పక్కన పెట్టేయొచ్చు. ఇలా జతలు మారుస్తూ, ముక్కల అంచులను డీఎన్‌ఏలో గుర్తిస్తూ వెతకాల్సిన చోటును కుదించుకుంటూ వచ్చారు.

మరీ పెద్ద డిలీషన్లున్న పిండాలు అసలు పుట్టకుండానే, ఎదుగుదల మొదటి దశల్లోనే ఆగిపోయేవి. సి14సిఓఎస్, సి3హెచ్ అనే రెండు డిలీషన్లలో పిల్లలు పుట్టి, ఆ తర్వాత చనిపోయేవి. అందుకే కాలేయం కథ అంతా ఎక్కువగా ఈ రెండింటి చుట్టూ నడిచింది.

దొరికింది ఆజ్ఞలిచ్చే జన్యువు కాదు, శుభ్రం చేసే ఎంజైమ్

1992లో రెండు బృందాలు ఒకే జవాబుకు చేరాయి. ఓక్ రిడ్జ్‌లో మిచెల్ క్లెబిగ్, లియాన్ రసెల్, యూజీన్ రించిక్. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుంటర్ షుట్జ్ బృందం. ఆ కుదించిన చోట ఉన్నది ఫా అనే జన్యువు. అది తయారుచేసేది ఫ్యూమరైల్‌అసిటోఅసిటేట్ హైడ్రోలేజ్ అనే మామూలు జీవక్రియా ఎంజైమ్.

మనం తినే ప్రొటీన్‌లో ఉండే టైరోసిన్‌ను కాలేయం ఐదు మెట్లలో విడగొడుతుంది. మొదటి మెట్టు టాట్. రెండోది హెచ్‌పీడీ అనే ఎంజైమ్. తర్వాత మరో రెండు. చివరి మెట్టు ఫా. నాలుగో మెట్టు దాటాక మిగిలే ఫ్యూమరైల్‌అసిటోఅసిటేట్ కణానికి ప్రమాదకరమైన పదార్థం, కనబడిన ప్రొటీన్‌కల్లా అతుక్కునే గుణం దానిది. ఫా దాన్ని వెంటనే రెండు హానిలేని ముక్కలు చేస్తుంది. ఫా లేకపోతే ఆ పదార్థం కాలేయ కణంలోనే పేరుకుపోతుంది.

ఒక పెద్ద భవనాన్ని ఊహించుకోండి. ఒకరోజు అన్ని అంతస్తుల్లో పని ఆగిపోయింది. సిబ్బంది జాబితా చూస్తే ఒకే ఒక్కరు రాలేదు. అందరూ ఆగిపోయారంటే రానిది మేనేజరే అయి ఉండాలనిపిస్తుంది. వెళ్లి చూస్తే రానిది మురుగు కాల్వ శుభ్రం చేసే మనిషి. మురుగు పొంగి పని సాగలేదు. ఆజ్ఞలు ఇవ్వాల్సినవాళ్లు అందరూ వచ్చే ఉన్నారు.

టైరోసిన్ గురించి ఒక మాట. అల్బినో జన్యువు చేసే టైరోసినేజ్ కూడా టైరోసిన్ మీదే పనిచేస్తుంది, ఫా కూడా టైరోసిన్ గొలుసులోనిదే. ఇది చూసి రెండింటికీ సంబంధం ఉందనుకోవద్దు. ఒకటి రంగు కణాల్లో, ఒకటి కాలేయంలో పనిచేస్తాయి. క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగున ఉండటం వల్ల కలిసి పోయాయి, అంతే.

జవాబును గట్టిపరిచిన మూడు ప్రయోగాలు

ముక్కలో ఫా ఉందని తెలిసినంత మాత్రాన అదే కారణమని తేలదు, అదే ముక్కలో వేరే జన్యువులూ ఉన్నాయి. ఇక్కడ జరిగిన ప్రయోగాల వరుస నాకు చాలా ఇష్టం. ఒక్కోటి ఒక్కో సందేహాన్ని మూసేసింది.

మొదటి సందేహం: ఫా ఒక్కటే పోతే ఇంత జరుగుతుందా? 1993లో మార్కస్ గ్రోంప్ బృందం చిట్టెలుకల్లో మిగతా ముక్క జోలికి పోకుండా ఫా జన్యువును మాత్రమే చెడగొట్టింది. పిల్లలు అదే విధంగా పుట్టిన కాసేపటికే చనిపోయాయి. కాలేయంలో జన్యువుల తీరు కూడా డిలీషన్ పిల్లల్లో కనిపించినట్టే ఉంది.

రెండో సందేహం: ముక్క మొత్తం పోయిన పిల్లకు ఫా ఒక్కటి తిరిగి ఇస్తే చాలా, లేక మరేదైనా కూడా కావాలా? అదే ఏడాది షుట్జ్ బృందంలోని గావిన్ కెల్సీ తదితరులు డిలీషన్ చిట్టెలుకలకు ఫా జన్యువును అదనంగా చేర్చారు. అవి బతికాయి. కాలేయం సరిగ్గా పనిచేసింది.

మూడోది అన్నిటికంటే అందమైనది. జపాన్‌లో ఫుమియో ఎండో బృందం 1997లో సి14సిఓఎస్ డిలీషన్ చిట్టెలుకలను హెచ్‌పీడీ జన్యువు కూడా లేని చిట్టెలుకలతో కలిపింది. ఇప్పుడు పిల్లలో గొలుసు రెండో మెట్టు లేదు, ఐదో మెట్టూ లేదు. డిలీషన్ అలాగే ఉంది. కొత్తగా ఏ జన్యువునూ చేర్చలేదు, ఉన్నదాంట్లోంచి ఇంకోటి తీసేశారు. అయినా పిల్లలు బతికాయి.

ఎందుకో ఆలోచించి చూడండి. హెచ్‌పీడీ లేకపోతే టైరోసిన్ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ప్రమాదకరమైన పదార్థం అసలు తయారే కాదు. తయారు కానిదాన్ని శుభ్రం చేసే అవసరం లేదు, ఫా లేకపోయినా నష్టం లేదు. ఆ ముక్కలో నిజంగా కాలేయ జన్యువులను లేపే మాస్టర్ జన్యువు ఉండి ఉంటే, మరో ఎంజైమ్‌ను తీసేయడం వల్ల ఆ లోటు తీరేది కాదు. తర్వాత ఆ బతికిన చిట్టెలుకల కాలేయంలోకి వైరస్ సాయంతో హెచ్‌పీడీని తిరిగి పంపితే గొలుసు మళ్లీ కదిలింది, కాలేయ కణాలు చనిపోవడం మొదలైంది.

దీని తర్వాత పాత మిశ్రమ కణం ప్రయోగం కూడా వేరేలా అర్థమవుతుంది. పెద్ద ఎలుక కణం అందించినది ఆజ్ఞ అయి ఉండాల్సిన పని లేదు. మంచి కణంలో ఉండే శుభ్రపరిచే ఎంజైమ్‌తోనూ అదే ఫలితం రావొచ్చు. ప్రయోగ ఫలితం మారలేదు, దాన్ని చదివే తీరు మారింది.

విషపదార్థం జన్యువులను ఎలా ఆపుతుంది

కారణం తెలిసింది. దారి మాత్రం ఇంకా చర్చలోనే ఉన్న విషయం, ఇక్కడ రెండు రకాల వాదనలున్నాయి.

ఒక వాదన ప్రకారం ఇందులో ప్రత్యేకమైన నియంత్రణ ఏమీ లేదు. కణం విషంతో జబ్బుపడింది, జబ్బుపడిన కణం తన ప్రత్యేక పనులను మానేస్తుంది, బతకడానికి కావలసినవే చేస్తుంది. చాలా రకాల కాలేయ వ్యాధుల్లో ఇలాంటి తీరే కనిపిస్తుంది కాబట్టి ఇది తీసిపారేసే మాట కాదు.

రెండో వాదన ఇంకాస్త లోతుకు వెళ్తుంది. కణం మొత్తం కుప్పకూలితే జన్యువులన్నీ కలిసి తగ్గాలి. ఇక్కడ అలా జరగలేదు. కొన్ని తగ్గాయి, ఎన్‌క్యూవో1 వంటివి పెరిగాయి. అంటే కణంలో నిర్దిష్టమైన సంకేతాలు నడుస్తున్నాయి. అతుక్కునే గుణమున్న రసాయనాలు కణంలో పేరుకుంటే ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మేల్కొని రక్షక జన్యువులను లేపుతుందని ఇప్పుడు మనకు బాగా తెలుసు. నెబర్ట్ బృందం చూసిన పెరుగుదలకు ఇది చక్కగా సరిపోతుంది, అణిచే జన్యువు అక్కర్లేదు. తగ్గిన వైపు చూస్తే, కాలేయ జన్యువులను నడిపే సీఈబీపీ ఆల్ఫా అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఈ పిల్లల్లో తక్కువగా ఉంది. కణం ఒత్తిడిలో ఉన్నప్పుడు పెరిగే చాప్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంది. చాప్ వెళ్లి సీఈబీపీ జాతి ప్రొటీన్లతో జతకట్టి, అవి డీఎన్‌ఏ మీద తమ స్విచ్‌లకు అతుక్కోకుండా చేస్తుంది. పుట్టిన వెంటనే హార్మోన్ సంకేతంతో లేవాల్సిన జన్యువుల్లో చాలావాటికి సీఈబీపీ సాయం కావాలి.

నా దృష్టిలో రెండో వాదనే ఆధారాలకు దగ్గరగా ఉంది. అయితే ఈ రెండింటినీ పూర్తిగా విడదీయడం కష్టం. కణం జబ్బుపడటం, ఆ జబ్బుకు కణం స్పందించడం ఒకే గంటల్లో జరుగుతాయి, పిల్ల బతికేది కూడా ఆ కొన్ని గంటలే.

పాత ఊహ పట్టినవాళ్లది తెలివితక్కువతనమా?

కాదని గట్టిగా చెప్పగలను. దానికి సాక్ష్యం అదే 7వ క్రోమోజోమ్ మీద ఉంది.

పెద్ద అల్బినో డిలీషన్లలో పోయే జన్యువుల్లో ఈఈడీ ఒకటి. 1996లో దాన్ని గుర్తించినప్పుడు అది పాలీకోంబ్ అనే జట్టుకు చెందిన ప్రొటీన్‌ను చేస్తుందని తేలింది. ఏ జన్యువులు నిశ్శబ్దంగా ఉండాలో కాపలా కాసే జట్టు అది. అది లేకపోతే పిండం తల, తోక దిశల్లో సరిగ్గా ఏర్పడదు. అంటే ఈ ప్రాంతంలో నిజమైన నియంత్రక జన్యువు ఉంది. కాలేయం కథకు అది కారణం కాదంతే.

స్విచ్ పోవడం వల్ల నేరుగా నియంత్రణ మారిన ఉదాహరణ కూడా ఇదే క్రోమోజోమ్ చివర్లో ఉంది. అక్కడ పక్కపక్కనే ఉండే హెచ్19, ఐజీఎఫ్2 జన్యువులు పిండం కాలేయంలో బాగా పనిచేస్తాయి. మామూలుగా ఐజీఎఫ్2 తండ్రి కాపీ నుంచే పనిచేస్తుంది, హెచ్19 తల్లి కాపీ నుంచే. 1995లో షర్లీ టిల్గ్‌మన్ బృందం హెచ్19ను, దాని ముందున్న భాగాన్ని కలిపి సుమారు 13 వేల అక్షరాల ముక్క తీసేసింది. ఆ డిలీషన్ తల్లి నుంచి వస్తే తల్లి కాపీ ఐజీఎఫ్2 కూడా లేచింది, పిల్లలు 27 శాతం ఎక్కువ బరువుతో పుట్టాయి. అదే ముక్క తండ్రి నుంచి వస్తే బరువులో తేడా లేదు. ప్రభావం పక్క జన్యువు మీదే, అదే పోగు మీదే పడింది. ఎవరి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఫలితం మారింది. నేరుగా నియంత్రణ దెబ్బతిన్నప్పుడు ఇలాంటి గుర్తులు కనిపిస్తాయి. అల్బినో డిలీషన్ల కాలేయంలో ఇవేవీ లేవు.

మనుషుల్లో ఇదే లోపం, ఇదే చికిత్స

మనుషుల్లో ఫా జన్యువు 15వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండు కాపీలూ చెడితే మొదటి రకం టైరోసినీమియా వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు లక్ష మందిలో ఒకరికి వచ్చే ఈ జబ్బు కెనడాలోని క్యూబెక్‌లో ఒక ప్రాంతంలో చాలా ఎక్కువ. చిట్టెలుక పిల్లల్లా గంటల్లో కాకుండా, చికిత్స లేని పిల్లల్లో వారాల నుంచి నెలల్లో కాలేయం దెబ్బతింటుంది. కిడ్నీలు పాడవుతాయి. కాలేయ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

కలుపు మొక్కల మందుల పరిశోధన నుంచి వచ్చిన ఎన్‌టీబీసీ అనే పదార్థం హెచ్‌పీడీని ఆపుతుందని తేలాక, 1992లో స్వీడన్ వైద్యులు దాన్ని ఈ పిల్లలకు వాడి మంచి ఫలితం చూపించారు. ఇప్పుడు దీన్ని నిటిసినోన్ అంటారు. అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. ఇది పనిచేసే తీరు ఎండో ప్రయోగంలో కనిపించినదే, జన్యువును తీసేసే బదులు దాని ఎంజైమ్‌ను మందుతో ఆపడం. టైరోసిన్ విడిపోదు కాబట్టి రక్తంలో అది పెరుగుతుంది, అందుకే మందుతో పాటు టైరోసిన్ తక్కువగా ఉండే ఆహారమూ పాటించాలి.

1995లో గ్రోంప్ బృందం ఫా లేని చిట్టెలుకలను ఇదే మందుతో పెద్దవయ్యే వరకు బతికించింది. కొన్ని గంటలే చదవగలిగిన ప్రాణి ఇప్పుడు నెలల తరబడి అందుబాటులోకి వచ్చింది. మందు ఆపితే కాలేయంలో విషం పేరుకుంటుంది, ఇస్తే తగ్గుతుంది. అలాంటి కాలేయంలో ఫా ఉన్న కొన్ని కణాలను ప్రవేశపెట్టి మందు ఆపేస్తే, లోపమున్న కణాలు పోతూ, మంచి కణాలు పెరిగి కాలేయాన్ని నింపుతాయి. మానవ కాలేయ కణాలతో నిండిన చిట్టెలుక కాలేయాలను కూడా 2007లో ఈ దారిలోనే తయారుచేశారు.

2014లో ఫా జన్యువులో ఒక్క అక్షరం మారిన ఎదిగిన చిట్టెలుకలకు, డీఎన్‌ఏను కత్తిరించి సవరించే క్రిస్పర్ పరికరాన్ని తోక రక్తనాళం ద్వారా ఇచ్చారు. మొదట సరిదిద్దబడినవి సుమారు 250 కాలేయ కణాల్లో ఒకటి మాత్రమే. ఎన్‌టీబీసీ ఆపాక ఆ కొద్ది కణాలే విభజన చెందుతూ పెరిగాయి, చిట్టెలుకలు బరువు కోల్పోకుండా నిలబడ్డాయి.